రిజర్వులో పడిన బండి

తార్నాక మెట్రో స్టేషను మెట్ల పక్కన సాయంత్రం పూట కాసేపు నిలబడితే ఎన్ని బళ్లు వచ్చిపోతాయో లెక్క ఉండదు. మొన్న ఒకరి కోసం ఎదురుచూస్తూ అక్కడ నిలబడ్డాను. వచ్చినవాళ్లు వచ్చినట్టే సీటు మీద కూర్చుని, బొటనవేలితో మీట నొక్కి వెళ్లిపోతున్నారు. ఒక్కరూ బండిని పక్కకు వంచలేదు. ఒక్కరూ సీటెత్తి, ట్యాంకు మూత తీసి లోపలికి తొంగిచూడలేదు. హ్యాండిలు పట్టుకుని బండిని అటూ ఇటూ ఊపి, లోపల పెట్రోలు ఏపాటి కదులుతోందో చెవి పెట్టి విన్నవాళ్లు లేరు. నా చిన్నతనంలో ఇదే కూడలిలో వీటిలో ఏదో ఒకటి చేయకుండా బండి తీసిన మనిషి కనిపించేవాడు కాడు. అవి ఎప్పుడు పోయాయంటే చెప్పడం కష్టం. ఎలా ఉండేవో మాత్రం చెప్పగలను.

*

అప్పట్లో మా వైపు ఇంటింటా ఉస్మానియా యూనివర్సిటీలోనో, ఆర్‌ఆర్‌ఎల్, ఎన్‌జీఆర్‌ఐ, ఎన్‌ఐఎన్ లాంటి పరిశోధన సంస్థల్లోనో, రైల్వేలోనో పనిచేసే మనిషి ఒకరు ఉండేవారు. 1989లో ఆర్‌ఆర్‌ఎల్ పేరు ఐఐసీటీగా మారినా మా పెద్దవాళ్ల నోట అది ఆర్‌ఆర్‌ఎల్‌గానే మిగిలింది. ఆ ఉద్యోగుల గేట్ల ముందు స్కూటర్లు. ఎక్కువగా బజాజ్ చేతక్‌లు. అక్కడక్కడ ఒక లాంబ్రెట్టా, ఒక విజయ్ సూపర్, మన ఆల్విన్ పేరుతో వచ్చిన పుష్పక్. బజాజ్ కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన రోజులవి. అంతకాలం చూసి తెచ్చుకున్న బండి గనక దాని ఒంట్లో ఏముందో ఇంట్లో అందరికీ తెలిసేది.

ఆ చేతక్ హ్యాండిలు మీద వేగం చూపించే మీటరు ఒక్కటే ఉండేది. పెట్రోలు చూపించే ముల్లు లేదు. దానికి బదులు సీటు ముందు అంచు కింద, బాడీలోంచి బయటికి పొడుచుకొచ్చిన చిన్న మీట ఒకటి. ఆపు, తెరువు, రిజర్వు అని దానికి మూడు స్థానాలు.

కిటుకంతా ట్యాంకు అడుగున ఉన్న కాక్‌లో ఉంది. దానిలోంచి ఒక సన్నటి గొట్టం ట్యాంకు లోపలికి కొంత ఎత్తు లేచి ఉంటుంది. పెట్రోలు మట్టం ఆ గొట్టం నోటికి పైన ఉన్నంతసేపూ కార్బురేటరులోకి దిగుతూ ఉంటుంది. మట్టం నోటి కిందికి పోగానే ధార ఆగిపోతుంది. అప్పుడు మీట రిజర్వుకు తిప్పితే అడుగునున్న ఇంకో రంధ్రం తెరుచుకుని, మిగిలిన లీటరో కాస్త అటూ ఇటూనో దిగుతుంది. వైరు లేదు, బ్యాటరీతో పని లేదు. పెట్రోలు పల్లానికి జారుతుందన్న ఒక్క సంగతి మీద అంతా నడిచేది. అందుకే అది అబద్ధం చెప్పిన సందర్భం నాకు గుర్తులేదు.

చెప్పే తీరు మాత్రం మొరటు. ముందు ఇంజను గొంతు పలచబడుతుంది. తరవాత ఒక దగ్గు. మళ్లీ అందుకున్నట్టే అందుకుని, ఇంకో దగ్గు. ఆ రెండు దగ్గుల మధ్య నాన్న చెయ్యి హ్యాండిలు వదిలి సీటు కిందికి పోయేది. కళ్లు రోడ్డు మీదే ఉండేవి, వెనక కూర్చున్న అమ్మతో మాట్లాడుతున్న మాట కూడా ఆగేది కాదు. టక్కుమని మీట తిరిగేది. బండి ఇంకో నాలుగు గజాలు ఆ ఊపు మీదే జారి, ఒక్కసారి తుమ్మినట్టు అదిరి, మళ్లీ పూర్తి గొంతుతో పాడేది. ముందర నిలబడి హ్యాండిలు పట్టుకున్న నాకు ఆ అదురు అరచేతుల్లోకి వచ్చేది. “రిజర్వు పడింది” అనేవాడు నాన్న, ఎవరితోనూ కాదు. ఆ మాటతో ఇంటి లెక్క మారిపోయేది. సాయంత్రం సికింద్రాబాద్ వెళ్లే పని రేపటికి. రేపు ఆఫీసు దారిలో ముందు పంపు.

పెట్రోలు పోయించాక ఆ మీటను మళ్లీ వెనక్కి తిప్పడం అన్నిటికంటే ముఖ్యం. తిప్పకపోతే ఈసారి దగ్గు వచ్చేసరికి వెనకాల ఏమీ మిగలదు. ముందు నిలబడే పిల్లలకు ఆ బాధ్యత అప్పగించిన ఇళ్లు చాలా ఉండేవి, మా ఇల్లూ అందులో ఒకటి. పంపులోంచి బండి బయటికి రాకముందే “రిజర్వు తిప్పావా నాన్నా?” అని అడగాలి. ఎక్కాలు అప్పజెప్పే వయసులో ఆ ప్రశ్న అడగడం నాకు గొప్ప ఉద్యోగంలా ఉండేది.

*

పంపు దగ్గరి పని ఇప్పటిలా అర నిమిషంలో తేలేది కాదు. టూ స్ట్రోక్ ఇంజను కాబట్టి పెట్రోలుతో పాటు ఆయిలూ కావాలి, లీటరుకు 20 మిల్లీలీటర్ల లెక్కన. పెట్రోలు యంత్రం పక్కనే ఆయిలు యంత్రం ఇంకోటి, గాజు బుడ్డీతో, చేత్తో తిప్పే పిడితో. కుర్రాడు పిడి తిప్పితే చిక్కటి ఆయిలు బుడ్డీలోకి నెమ్మదిగా ఎక్కేది. అది ముందు ట్యాంకులో పడాలి, దాని మీద పెట్రోలు ధారగా పడి రెండూ కలవాలి. పెట్రోలు పోసి మీద ఆయిలు పోస్తే పెద్దవాళ్లు ఒప్పుకునేవారు కాదు. ఆయిలు తక్కువైతే పిస్టను పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు నల్లబడి బండి మొరాయిస్తుంది. అందుకే ప్రతి స్కూటరు డిక్కీలో ఒక ప్లగ్ పానా, ఒక గరుకు కాగితం ముక్క, తుడవడానికి పాత బనీను గుడ్డ ఉండేవి.

పోశాక మూత బిగించి, బండిని స్టాండు మీదే నాలుగుసార్లు ఊపడం. ఆయిలు కలవడానికని ఒక కారణం. లోపల ఎంత పడిందో చప్పుడును బట్టి తెలుసుకోవడం ఇంకో కారణం. నిండు ట్యాంకు దాదాపు మూగగా ఉంటుంది. సగం ఉంటే కుళకుళమంటుంది. అడుగంటితే రేకుకు కొట్టుకుని పలచగా చప్పుడు చేస్తుంది. పొద్దున్నే మా వీధిలో ఆ ఊపుడు చప్పుళ్లు ఒకదాని వెనక ఒకటి వినిపించేవి, తరవాత కిక్కులు, తరవాత నీలం పొగ. ఆ పొగ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు బడి వేళ అయిందనిపిస్తుంది. అది ఊపిరితిత్తులకు మంచి చేసిన వాసన కాదని కూడా తెలుసు. అది పోయినందుకు ఒక్క క్షణమైనా బెంగపెట్టుకోను.

*

ముల్లు లేని బండికి ముల్లు మనిషి తలలో ఉండాలి. నాన్న దగ్గర జేబులో పట్టే చిన్న డైరీ ఉండేది. ఎడమ పక్క తేదీ, మధ్యలో మీటరులోని కిలోమీటర్లు, కుడి పక్క లీటర్లు, రూపాయలు. పెట్రోలు పోయించిన ప్రతిసారీ పంపు గోడ పక్కన బండి నిలబెట్టి, సీటు మీద డైరీ పెట్టి రాసేవాడు. కింద పెన్సిలుతో ఒక భాగహారం. లీటరుకు 40 కిలోమీటర్లకు తగ్గితే ఆ అంకె చుట్టూ సున్నా చుట్టేవాడు. రెండు సున్నాలు వరసగా పడితే ఆదివారం కార్బురేటరు విప్పేవాడు.

1990లో గల్ఫ్ సంక్షోభం వచ్చి పెట్రోలు ధర ఒక్కసారిగా పెరిగినప్పుడు ఆ డైరీలో అక్షరాలు చిన్నవయ్యాయి, లెక్కలు ఎక్కువయ్యాయి. క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ ఎత్తు మీది నుంచి దిగేటప్పుడు ఇంజను ఆపేసి జారుకుంటూ వచ్చేవాళ్లను అప్పుడే ఎక్కువగా చూశాను. సాయంత్రం ఆ గులాబీ రాతి మేడ వెనక పొద్దు వాలుతుంటే ఒక్కో స్కూటరూ చప్పుడు లేకుండా కిందికి జారిపోయేది, టైరు రోడ్డు మీద దొర్లే సుయ్ మనే శబ్దం తప్ప. బాగుండేది చూడ్డానికి. భద్రమైన పని మాత్రం కాదు.

ఈ రాసిపెట్టుకోవడం స్కూటర్లవాళ్లదే కాదు. ప్రభుత్వ సంస్థల అంబాసిడర్లకూ జీపులకూ లాగ్‌బుక్ ఉండేది. డ్రైవరు బయల్దేరిన కిలోమీటరు, చేరిన కిలోమీటరు, పోయించిన పెట్రోలు రాసి సంతకం పెట్టించుకునేవాడు. అంబాసిడరులో ముల్లు ఉండేది, అయినా నేను మాట్లాడిన పాత డ్రైవర్లు దాన్ని నమ్మి ఊరు దాటలేదనేవారు. నమ్మింది పుస్తకాన్నే. ఎన్‌ఐఎన్ బళ్లకైతే అది మరీ అవసరం, ఊళ్లలో జనం ఏం తింటున్నారో చూసి రాసే పని ఆ సంస్థది. 1972లో జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థ మొదలయ్యాక ఆ సర్వేలు ఇంకా పెరిగాయి. పంపు ఎక్కడుందో తెలియని దారుల్లో తిరగాల్సిన బళ్లకు ముల్లు చూపించే సగం మీద ఆధారపడటం కుదిరే పని కాదు.

*

ఇంత చేసినా అయిపోయేది. అయిపోయినప్పుడు ఏం చేయాలన్నదానికీ ఒక వరస ఉండేది.

మొదట వంచడం. బండిని దాదాపు నేలకు ఆనేంతగా పక్కకు వాల్చి, నాలుగు లెక్కపెట్టి, మళ్లీ నిలబెట్టి కిక్కు. మూలన మిగిలిన చుక్కలు కాక్ దగ్గరికి చేరేవి. దాంతో ఒక ఫర్లాంగు. రెండోది ఊదడం. ట్యాంకు మూత తీసి, నోరు ఆనించి, బుగ్గలు నిండా గాలి పట్టి ఊదేవారు, పైపులో ఏదైనా అడ్డుంటే పోతుందని. పెదాలకు పెట్రోలు మంట, మూతి చుట్టూ ఆయిలు జిడ్డు. మూడోది చోక్ లాగి నడపడం. ఇవన్నీ అయ్యాక దిగి నెట్టుకుంటూ పోవడమే.

అలా నెట్టుకుంటూ పోతున్న మనిషిని ఎవరూ చూసీ చూడనట్టు దాటిపోయేవారు కాదు. పక్కన ఒక బండి నెమ్మదించేది. “పెట్రోల్ అయిపోయిందా అన్నా? న్యూట్రల్ల పెట్టి ఎక్కి కూసో, నేను నూకుత” అనే గొంతు. వెనక నుంచి అతని ఎడమకాలు వచ్చి మన బండి తోక మీద ఆనేది. రెండు బళ్లూ ఒకే వేగంతో, ఒక్క ఇంజనుతో కదిలేవి. మెట్టుగూడ వైపు నుంచి తార్నాక దాకా అలా వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. నూకే మనిషికి తన బండి, మన బండి, తన కాలు మూడూ ఒకేసారి సంభాళించే నేర్పు కావాలి. ముందున్నవాడు బ్రేకు వేసే ముందు చెయ్యెత్తి చెప్పాలి. పంపు గేటు దగ్గర ఆఖరి నూకు ఒకటి కాస్త బలంగా ఇచ్చి, మనం లోపలికి జారిపోతుంటే అతను ఆగకుండా వెళ్లిపోయేవాడు. పేరు అడిగే వ్యవధి కూడా ఉండేది కాదు.

పంపు దూరమైతే సీసా. కిరాణా కొట్లోనో, పాన్ డబ్బా దగ్గరో గోల్డ్‌స్పాట్ సీసా ఒకటి అడిగి తీసుకుని నడిచిపోతే పోసి ఇచ్చేవారు. ఇప్పుడు పంపులో సీసా చాస్తే పోయరు, దానికి కారణాలున్నాయి, కాదనలేం. అర్ధరాత్రయితే పక్కింటివాళ్ల తలుపు. వాళ్ల స్కూటరు పైపు ఊడదీసి సీసా సగం నింపి ఇచ్చేవారు. నెల తిరిగేలోగా ఆ బాకీ తీరిపోయేది, పెట్రోలు రూపంలోనే. డబ్బిస్తే తీసుకునేవారు కాదు.

లూనాలవాళ్లు మాత్రం వీటిలో దేనికీ చిక్కేవారు కారు. పెడళ్లున్నాయి కదా, తొక్కుకుంటూ పోయేవారు. మా వీధిలో ఉన్న ఒక లైబ్రరీ ఉద్యోగి ఎండలో లూనా తొక్కుకుంటూ రావడం చూస్తే నాకు జాలి కలిగేది. ఆయన ముఖంలో మాత్రం ఎవరినీ అడగక్కర్లేని మనిషి నిబ్బరం ఉండేది.

హాస్టళ్ల దగ్గర ఇంకో బెడద. ట్యాంకు మూతకు తాళం లేని బండి రాత్రికి రాత్రి తేలికైపోయేది. రబ్బరు పైపు, ఖాళీ డబ్బా చాలు. డైరీలో ఎంత సరిగ్గా రాసుకున్నా ఆ లెక్క పొద్దున్నే తప్పేది. తాళం మూతలు మా వైపు అంత త్వరగా రావడానికి కారణం అదే.

*

ఉస్మానియా పక్కన బతికేవాళ్లకు పెట్రోలు లెక్కలో ఇంకో అంకె ఉంటుంది, బంద్. రేపు బంద్ అని తెలియగానే రాత్రి పంపుల దగ్గర వరసలు కట్టేవారు. 1969 తెలంగాణ ఉద్యమం నాటి సంగతులు మా వీధి పెద్దలు చెప్పేవారు. మేం కళ్లారా చూసింది 2009 చివర్లో మొదలైన రోజులు. క్యాంపస్ గేట్ల దగ్గర బారికేడ్లు, పోలీసు బళ్లు. తార్నాక నుంచి విద్యానగర్‌కు యూనివర్సిటీ లోపలి నుంచి పోయే దారి మూసుకుంటే సీతాఫల్‌మండి మీదుగానో అంబర్‌పేట మీదుగానో చుట్టి రావాలి. ఆ చుట్టుకు సరిపడా ఉందా లేదా అన్నది ఇల్లు కదిలే ముందే తేల్చుకోవాలి. 2011 సకల జనుల సమ్మెలో ఆర్టీసీ బస్సులు కూడా ఆగిపోయినప్పుడు బండి ఉన్నవాళ్లు వీధిలో మిగతావాళ్లను వెనక ఎక్కించుకుని తిరిగారు. అప్పటికి ముల్లున్న బళ్లు ఇంటింటా వచ్చేశాయి. అయినా ఆ రోజుల్లో మా వీధిలో చాలామంది మళ్లీ సీటెత్తి, మూత తీసి, టార్చి వేసి చూసుకున్నారు. ముల్లు చెప్పేది చాలలేదు వాళ్లకు.

*

ముల్లు 1984లో వచ్చిన కైనెటిక్ హోండాతో మా కాలనీలోకి ప్రవేశించింది. మీట నొక్కితే స్టార్టు, ఆయిలుకు వేరే ట్యాంకు, గేర్లు లేవు, హ్యాండిలు మధ్యలో పెట్రోలు ముల్లు. చేతక్‌లవాళ్లు చుట్టూ చేరి చూశారు. 2001లో యాక్టివా వచ్చాక ఆ ముల్లు అందరి ఇంటిదీ అయింది. 2009 చివర్లో బజాజ్ వాళ్లు స్కూటర్ల తయారీ నుంచే తప్పుకుంటున్నామని చెప్పేనాటికి మా వీధిలో కిక్కు చప్పుడు వినిపించడం అరుదైపోయింది.

కానీ ఆ ముల్లు నమ్మదగింది కాదు. ట్యాంకులో తేలే బుడ్డ ఒకటి ఉంటుంది, దానికో సన్నటి చువ్వ. బుడ్డ పెట్రోలుతో పాటు లేస్తూ దిగుతూ ఉంటే చువ్వ రెండో చివర తీగచుట్ట మీద జరుగుతుంది. అది ఎక్కడుందన్నదాన్ని బట్టి మీటరుకు పోయే కరెంటు మారి ముల్లు కదులుతుంది. బుడ్డకు చిల్లి పడి పెట్రోలు లోపలికి పోతే అది మునిగిపోతుంది, ట్యాంకు నిండా ఉన్నా ముల్లు ఖాళీ అంటుంది. చువ్వ తుప్పుకు పట్టేస్తే చుక్క లేకపోయినా సగం అంటుంది. తీగచుట్ట ఒకచోట అరిగిపోతే అక్కడికి వచ్చినప్పుడల్లా ముల్లు పడిపోయి, గతుకు తగలగానే లేచి కూర్చుంటుంది. ఇవేవీ లేని కొత్త బండిలో కూడా ఎత్తు ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి, బ్రేకు వేస్తే ఇంకోటి. పైగా ట్యాంకు పైన వెడల్పు, కింద ఇరుకు. ముల్లు మీది పై సగం, కింది సగం ఒకే దూరం నడవవు.

లాలాపేటలో మా బళ్లు చూసే మెకానిక్ దగ్గరికి ఒకసారి అలాంటి యాక్టివాతో వెళ్లాను. అతను మీటరు అద్దం మీద వేలితో కొట్టలేదు, అందరూ అదే చేస్తారు. ట్యాంకు నుంచి ఆ యూనిట్ విప్పి బయటికి తీసి, తాళం తిప్పి, చువ్వను చేత్తో పట్టుకుని నెమ్మదిగా పైకి లేపాడు. ముల్లు మొదట బాగానే లేచింది. పావు దగ్గర ఒక్కసారి పడిపోయింది. ఇంకాస్త లేపితే మళ్లీ వచ్చింది. “చూసిండ్రా సార్, గీడ అరిగింది. సరిగ్గ మీకు అవసరమున్న కాడనే” అన్నాడు. అతనన్న ఆ మాట నిజం. మనిషి ముల్లు వైపు చూసేది పావుకు దిగాకే కాబట్టి, అది పనిచేయాల్సింది అక్కడే.

అబద్ధం చెప్పే ముల్లు కంటే ముల్లు లేకపోవడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. లేనప్పుడు మనిషి వింటాడు, ఊపుతాడు, రాసుకుంటాడు, ఇంట్లో పిల్లల చేత కూడా గుర్తుచేయించుకుంటాడు. ఉన్నప్పుడు ఇవన్నీ మానేస్తాడు. ముల్లుతో పాటు కొంతకాలం కాక్ కూడా ఉన్న మోటారు సైకిళ్లు మంచివి, ఒకటి తప్పితే ఇంకోటి కాపాడేది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 నిబంధనలు వచ్చి చాలా బళ్లు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారేసరికి ఆ మీట దాదాపుగా మాయమైంది. ఇప్పుడు పెట్రోలును నెట్టే పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, చల్లబడేదీ ఆ పెట్రోలుతోనే. మాటిమాటికీ ఖాళీ చేస్తే పంపు దెబ్బతింటుంది. ఆ ఏడాది జనవరిలోనే చేతక్ పేరు మళ్లీ వచ్చింది, కరెంటు బండిగా. ఎంత శాతం ఉందో అంకెల్లో చూపిస్తుంది. హబ్సిగూడలో పార్శిళ్లు తెచ్చే కుర్రాళ్లను అడిగితే ఆ అంకెనూ పూర్తిగా నమ్మరు. ఫ్లైఓవర్ ఎక్కితే ఎలా పడిపోతుందో, వెనక బరువుంటే ఎంత తగ్గుతుందో వాళ్లకో సొంత లెక్క ఉంది. మా నాన్న డైరీ వాళ్లకు చూపిస్తే అర్థమవుతుందనుకుంటాను.

*

ఇవన్నీ ఇంత ప్రేమగా చెప్పుకొస్తుంటే మా పక్కింటి ఆంటీ ఒప్పుకోలేదు. ఆవిడ క్యాంపస్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. టీవీఎస్ మోపెడుతో మొదలుపెట్టి యాక్టివా దాకా నడిపారు. రోడ్డు మీద ఆగిన బండిని ఎవరో వచ్చి నూకేవారన్న మాట దగ్గర ఆపారు నన్ను.

“మీకు వచ్చారు, నూకారు. సాయంత్రం ల్యాబ్ ముగిసేసరికి చీకటిపడితే, లోపలి రోడ్డు మీద లైట్లు సగం వెలగవు. బండి ఆగిపోతే వెనక ఎవరి బండి నెమ్మదించినా నాకు గుండె దడే. సాయానికి వచ్చాడో ఎందుకొచ్చాడో నాకెలా తెలుస్తుంది? కాలితో నూకుతానంటే సరేనని ఎక్కి కూర్చోగలనా?”

రిజర్వు పడిందంటే ఆవిడ ఇంటికి రాకుండా ముందు పంపుకే వెళ్లేవారట, ఎంత ఆలస్యమైనా. ఆ రోజుల్లో మగవాళ్లు అడుగంటిదాకా నడిపి ధైర్యంగా చెప్పుకున్న కథలు ఆడవాళ్ల దగ్గర లేవు. అంతదాకా తెచ్చుకునే వీలు వాళ్లకు లేదు. కైనెటిక్ హోండా వచ్చినప్పుడు దాని ముల్లు అటూ ఇటూ ఊగుతుందని చేతక్‌లవాళ్లు నవ్వితే, ఆవిడ అప్పు చేసి మరీ ఆ బండే కొన్నారు.

“ముల్లు తప్పు చెబుతుందని తెలియదా నాకు?” అన్నారు. “సగానికి రాగానే పోయిస్తాను. సగం దగ్గర అది ఎంత అబద్ధం చెప్పినా ఇంటికి చేరతాను.”

ఇప్పటికీ ఆవిడ యాక్టివా ముల్లు సగం దాటి కిందికి దిగడం నేను చూడలేదు.